చిన్న పెళ్లి, దూర ప్రయాణం: నగరంలో పెళ్లి చేసుకుని విదేశీ హనీమూన్‌కు వెళ్లే జంటకు సమగ్ర మార్గదర్శి

చాలా జంటలు ముందు పెళ్లి తేదీ పెట్టుకుంటాయి. హాలు, బట్టలు, భోజనాలు అన్నీ అయ్యాక, మిగిలిన డబ్బుతో, మిగిలిన సెలవుల్లో ఎక్కడికి వెళ్లగలమా అని చూస్తాయి. అప్పటికి వీసాకు టైం చాలదు. వెళ్లాలనుకున్న చోట వానాకాలం నడుస్తుంటుంది. ఇద్దరిలో ఒకరి పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి ఉంటుంది. వందల మందిని పిలిచే పెళ్లికి ఇది తప్పకపోవచ్చు, ఎందుకంటే అంతమంది వీలు చూసి తేదీ పెట్టాలి. పది, ఇరవై మందితో నగరంలోనే చేసుకునే పెళ్లికి ఆ ఇబ్బంది లేదు, తేదీ మీ చేతుల్లోనే ఉంటుంది. అందుకే ముందు ప్రయాణం ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పెళ్లి తేదీకి రండి. కింది మెట్లన్నీ ఆ పద్ధతి మీదే ఆధారపడి ఉన్నాయి.

1. ఎక్కడికి, ఏ నెలలో అన్నది ముందు తేల్చుకోండి

దేశం పేరుతో మొదలుపెట్టకండి. ఇద్దరూ విడివిడిగా కూర్చుని, ఆ సెలవులో ఒక మామూలు రోజు ఎలా గడవాలని ఉందో రాసుకోండి. ఎన్నింటికి నిద్ర లేవాలి, మధ్యాహ్నం ఏం చేయాలి, సాయంత్రం జనం మధ్య ఉండాలా లేక ఒంటరిగానా? తర్వాత ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరికి సముద్రం ఒడ్డున కదలకుండా కూర్చోవాలని, ఇంకొకరికి మ్యూజియాలన్నీ తిరగాలని ఉంటే ఆ సంగతి ఇప్పుడే బయటపడుతుంది. విమానం ఎక్కాక తెలిస్తే సర్దుకుపోవడం కష్టం.

తర్వాత రుతువు చూడాలి. ఫొటోల్లో కనిపించే నీలి సముద్రం ఏడాది పొడవునా అలా ఉండదు. మాల్దీవుల్లో సుమారుగా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు, వానలు, ఎగసే అలలు. బాలికి వెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడిగా ఉంటుంది, నవంబరు నుంచి మార్చి వరకు వానలు. థాయిలాండ్‌లో ఒకే దేశంలో రెండు లెక్కలున్నాయి. పడమటి తీరంలో ఉన్న ఫుకెట్‌కు మే నుంచి అక్టోబరు దాకా వానాకాలమైతే, తూర్పున ఉన్న కోహ్ సముయ్‌లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కురుస్తాయి. మారిషస్‌లో జనవరి నుంచి మార్చి దాకా తుపానుల కాలం. గ్రీసులోని సాంతోరినిలో చలికాలం వస్తే హోటళ్లు, భోజనశాలలు చాలావరకు మూసేస్తారు. నార్వేలోని ట్రోమ్సోలో ఆకాశంలో ధ్రువ కాంతులు చూడాలంటే సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి లోపు వెళ్లాలి. వేసవిలో వెళ్తే అర్ధరాత్రి కూడా సూర్యుడు కనిపిస్తాడు, ఆ కాంతులు మాత్రం కనిపించవు. క్యోటోలో చెర్రీ పూలు సాధారణంగా మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో పూస్తాయి. నవంబరు రెండో సగంలో ఆకులు ఎర్రబారతాయి.

మీరు వెళ్లేచోట సెలవులు ఎప్పుడో కూడా చూసుకోండి. బాలిలో ఏడాదికొకసారి, ఎక్కువగా మార్చిలో, ‘న్యేపి’ అనే మౌన దినం వస్తుంది. ఆ 24 గంటలు విమానాశ్రయం కూడా మూసేస్తారు, హోటల్ ఆవరణ దాటి ఎవరూ బయటికి రాకూడదు. ప్రశాంతత కోరుకునే జంటకు అది గొప్ప అనుభవం. అదే రోజు దిగాలని టికెట్ కొనుక్కున్నవాళ్లకు మాత్రం కష్టమే. జపాన్‌లో ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా వరుస సెలవులుంటాయి కాబట్టి రైళ్లు, గదులు దొరకడం గగనం. ఇటలీలో ఆగస్టు 15 చుట్టూ దేశమంతా సెలవు మూడ్‌లో ఉంటుంది. నగరాల్లో చిన్న దుకాణాలు మూతపడతాయి, సముద్ర తీరాలు కిక్కిరిసిపోతాయి.

ఒక్క సలహా గట్టిగా చెప్తాను. పది రోజుల ప్రయాణానికి రెండు ఊళ్లు చాలు. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు సామాను సర్దడానికి, స్టేషన్లకు, గది కోసం ఎదురుచూడటానికే పోతుంది. పెళ్లి పనులతో అలసిన ఇద్దరికి నాలుగు దేశాలు చుట్టామన్న లెక్క కంటే ఒకే వీధిలో మూడు రోజులు నడవడం ఎక్కువ సుఖాన్నిస్తుంది.

2. పాస్‌పోర్టులు తీసి పేర్లు చదవండి

నెల ఖాయమైన రోజే ఇద్దరి పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టండి. గడువు తేదీ చూడండి. చాలా దేశాలు ప్రయాణ సమయానికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. యూరప్‌లోని షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమి) అక్కడి నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు గడువుండాలి, పాస్‌పోర్ట్ జారీ అయి పదేళ్లు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఈ లెక్కల్లో ఏది తప్పినా మొదట పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకోండి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

ఇక పేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. వీసా కూడా ఆ పేరు మీదే వస్తుంది. పెళ్లికీ ప్రయాణానికీ మధ్య పేరు మార్చుకుంటే పాత పాస్‌పోర్టులోని వీసా, కొత్త పాస్‌పోర్టులోని పేరు, ఎప్పుడో కొన్న టికెట్ మూడూ మూడు రకాలుగా తయారవుతాయి. హనీమూన్ నుంచి తిరిగొచ్చేదాకా పాత పేరుతోనే ప్రయాణం చేయండి. పేరు మార్పు తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. హోటల్ వాళ్లు ఇద్దరి పేర్లు వేరువేరుగా ఉన్నాయేమిటని అడిగే అవకాశం ఉన్న దేశానికి వెళ్తుంటే, పెళ్లి సర్టిఫికెట్ నకలు దగ్గర ఉంచుకుంటే సరిపోతుంది.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు టికెట్ కొనేటప్పుడు ఆ విమాన సంస్థ అలాంటి పేర్లను ఎలా నమోదు చేస్తుందో కనుక్కుని అలాగే రాయాలి. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి.

3. పెళ్లి చట్టం ప్రకారం ఎప్పుడు, ఎలా జరగాలి

చిన్న పెళ్లిలో అన్నిటికంటే ఎక్కువ కాలం తినేది చట్టం అడిగే నిరీక్షణే. ఇది దేశాన్నిబట్టి చాలా మారుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో నోటీసు ఇచ్చాక కనీసం 28 రోజులు ఆగాలి, పెళ్లికి ఇద్దరు సాక్షులు కావాలి. భారత్‌లో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు ఉండాలి. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు 30 రోజులుగా ఆ జిల్లాలో నివసిస్తూ ఉండాలి. న్యూయార్క్‌లో లైసెన్స్ తీసుకున్నాక 24 గంటలు ఆగాలి, ఆ లైసెన్స్ 60 రోజులు చెల్లుతుంది. లాస్ వెగాస్‌లో లైసెన్స్ చేతికొచ్చిన రోజే పెళ్లి చేసుకోవచ్చు. డెన్మార్క్‌లో పెళ్లాడాలనుకునే విదేశీ జంటలు ముందుగా అక్కడి ప్రభుత్వ కుటుంబ న్యాయ సంస్థ నుంచి ధ్రువపత్రం పొందాలి, అది నాలుగు నెలల పాటు చెల్లుతుంది.

పెళ్లి ఎక్కడ జరగాలన్నది ఒక్కోసారి ఈ నిరీక్షణే నిర్ణయిస్తుంది. 1969 మార్చి 20న బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్, కళాకారిణి యోకో ఓనో జిబ్రాల్టర్‌లో పెళ్లి చేసుకున్నారు. వేరే చోట్ల కాగితాలు అడ్డుపడితే, బ్రిటిష్ ఏలుబడిలో ఉండి త్వరగా పని జరిగే ఆ చిన్న ప్రాంతాన్ని ఎంచుకున్నారు. అక్కడి నుంచి పారిస్‌కు, తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లారు. ఈ రోజుకీ జిబ్రాల్టర్‌కు అదే పనిమీద జంటలు వెళ్తుంటాయి.

మీ నగరంలో రిజిస్ట్రారు కార్యాలయానికి ఒకసారి స్వయంగా వెళ్లి ఈ ప్రశ్నలు అడగండి:

- నోటీసు ఎన్ని రోజుల ముందు, ఇద్దరూ కలిసి వచ్చి ఇవ్వాలా?
- నోటీసు గడువు ముగిశాక ఎన్నాళ్లలోపు పెళ్లి జరగాలి?
- సాక్షులు ఎందరు, వాళ్లు ఏ గుర్తింపు పత్రం తేవాలి?
- గతంలో పెళ్లయి ఉంటే విడాకుల తీర్పు, లేదా భర్త, భార్య మరణ ధ్రువపత్రం అసలు ప్రతే కావాలా, నకలు చాలా?
- సర్టిఫికెట్ అదే రోజు చేతికిస్తారా, తర్వాత రావాలా?

చివరి ప్రశ్న చాలామంది అడగరు. కొన్నిచోట్ల పెళ్లి తంతు ముగిశాక చేతికిచ్చేది అందమైన కాగితం మాత్రమే, చట్టపరంగా చెల్లే సర్టిఫికెట్ కొన్ని రోజుల తర్వాత వస్తుంది. ధ్రువీకరించిన నకళ్లు ఒకటి కాదు, నాలుగైదు తీసుకోండి. తర్వాత బ్యాంకు, బీమా, పాస్‌పోర్ట్ కార్యాలయం ఒక్కొక్కటీ ఒక్కో ప్రతి అడుగుతాయి.

సంతకం పెట్టే ముందు రిజిస్టరులో మీ పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం చదవండి. చుట్టూ అందరూ ఫొటోల కోసం తొందరపెడుతుంటారు. అయినా రెండు నిమిషాలు ఆగమనండి. సంతకమయ్యాక ఒక్క అక్షరం దిద్దించాలన్నా నెలల తరబడి తిరగాల్సి రావచ్చు.

పెళ్లి ఒక దేశంలో, సర్టిఫికెట్ వాడేది ఇంకో దేశంలో అయితే అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని ప్రభుత్వం వేసే ముద్ర, వేయించుకోవాలి. 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఆ ఒక్క ముద్ర చాలు. ఒప్పందంలో లేని దేశానికైతే రాయబార కార్యాలయం ద్వారా వేరే ధ్రువీకరణ జరగాలి.

4. క్యాలెండరును వెనక్కి నడిపించండి

ఇప్పుడు ప్రయాణం తేదీ దగ్గర వేలు పెట్టి వెనక్కి రండి. విమానానికి మూడు నాలుగు రోజుల ముందు పెళ్లి పెట్టుకోండి. పెళ్లికి నోటీసు కాలం, దాని ముందు ఇంకో రెండు వారాలు కాగితాల కోసం. వీసా కావాలంటే ఆ కాలం విడిగా లెక్కపెట్టండి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లికేషన్ పెట్టుకోవచ్చు, ఎంత ఆలస్యమైనా 15 రోజుల ముందు పెట్టాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, కొన్ని సందర్భాల్లో 45 రోజుల దాకా పడుతుంది. అపాయింట్‌మెంట్ దొరకడమే కొన్ని నెలల్లో కష్టం కాబట్టి మూడు నెలల ముందు పని మొదలుపెడితే మనసు కుదుటగా ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వీసా కోసం పాస్‌పోర్ట్ ఇచ్చేసిన రోజుల్లో రిజిస్ట్రారు గుర్తింపుగా అదే పాస్‌పోర్ట్ అడగవచ్చు. ఆ రెండు పనులూ ఒకే వారంలో పడకుండా చూసుకోండి.

పెళ్లికీ విమానానికీ మధ్య ఆ మూడు నాలుగు రోజులు ఎందుకని అడుగుతారు. పెళ్లి రాత్రే విమానమెక్కడం సినిమాల్లో బాగుంటుంది. నిజానికి ఆ రోజు ఇద్దరూ సరిగా తినరు, నిద్రపోరు. దూరం నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, స్నేహితులతో మాట్లాడే తీరిక ఆ మర్నాడే దొరుకుతుంది. సర్టిఫికెట్ ఒక రోజు ఆలస్యమైనా, ఎవరికైనా జ్వరమొచ్చినా ఆ రోజులే ఆదుకుంటాయి.

5. ఎవరిని పిలవాలి

చిన్న పెళ్లిలో కష్టమైన పని ఇదే. గీత ఎక్కడ గీస్తారన్నది ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి. ‘తల్లిదండ్రులు, తోబుట్టువులు, చెరో నలుగురు స్నేహితులు’ అన్నంత స్పష్టంగా. అప్పుడు పిలుపు రానివాళ్లకు తమను మాత్రమే వదిలేశారన్న బాధ ఉండదు. ఆ గీత ఒక్కరి కోసం జరిపితే ఇంకో పదిమంది కోసం జరపాల్సి వస్తుంది. ఇరువైపుల పెద్దవాళ్లకు ఈ సంఖ్య ముందే, ఇద్దరూ కలిసి కూర్చుని చెప్పండి. ఒకరి తల్లిదండ్రులకు ఇంకొకరి నిర్ణయంగా చేరితే ఆ మాట ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

పిలవలేకపోయిన దగ్గరివాళ్లకు పెళ్లికి ముందే ఫోన్ చేసి చెప్పండి, ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టకముందే. ఆ ఫోన్‌లో వివరణలు అక్కర్లేదు. ‘చిన్నగా చేసుకుంటున్నాం, నీకు మా నోటితోనే చెప్పాలనిపించింది’ అంటే చాలు. వచ్చేవాళ్లను కూడా పెళ్లి జరుగుతుండగా లైవ్ పెట్టొద్దని ముందే అడగండి.

6. నగరంలో చోటు, ఆ రోజు నడక

ఇరవై మందికి కల్యాణ మండపం అక్కర్లేదు. రెస్టారెంట్‌లో విడిగా ఉన్న గది, ఇంటి డాబా, చిన్న ఆర్ట్ గ్యాలరీ, పుస్తకాల షాపు పై అంతస్తు, రిజిస్ట్రారు ఆఫీసులోని హాలు, ఇవన్నీ సరిపోతాయి. పార్కు అందంగా ఉంటుంది కానీ చాలా నగరాల్లో కుర్చీలు వేయాలన్నా, మైకు పెట్టాలన్నా, డబ్బు తీసుకునే ఫొటోగ్రాఫరు వచ్చినా నగరపాలక సంస్థ అనుమతి కావాలి. ఆరుబయట అనుకుంటే వాన వస్తే ఎక్కడికి వెళ్లాలన్నది కూడా ఆ చోటు ఖాయం చేసిన రోజే బుక్ చేసుకోండి.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు, పెళ్లి శుక్రవారమైతే ఒక శుక్రవారమే, పెళ్లి జరిగే గంటకే వెళ్లండి. ఆదివారం ఉదయం నిశ్శబ్దంగా ఉన్న వీధి శుక్రవారం సాయంత్రం హారన్లతో హోరెత్తుతుంది. లిఫ్ట్ పనిచేస్తుందా, పెద్దవాళ్లు మెట్లెక్కాలా, టాయిలెట్ ఏ అంతస్తులో ఉంది, కార్లు ఎక్కడ ఆగాలి, ఇవి అడగండి. ఇరవై మందిలో ఒక్కరు మెట్ల దగ్గర ఆగిపోయినా ఆ లోటు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

వారం మధ్యలో పగటిపూట పెళ్లి పెట్టుకోవడం నాకు బాగా ఇష్టమైన ఏర్పాటు. హాళ్లు సులువుగా దొరుకుతాయి, చాలాచోట్ల అద్దె తక్కువ, రిజిస్ట్రారు తొందరలో ఉండరు. ఉదయం 7 గంటలకే ఇద్దరూ బయటికొచ్చి ఖాళీ వీధుల్లో ఫొటోలు దిగండి. వెలుగు మెత్తగా ఉంటుంది, ట్రాఫిక్ ఉండదు. 11కి సంతకాలు, 12:30కి అందరూ ఒకే పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని భోజనం, 4 గంటలకల్లా మీరు ఖాళీ. ఇరవై మందైతే ప్రతి ఒక్కరితో నిజంగా మాట్లాడగలరు. పెద్ద పెళ్లిలో దొరకనిది ఆ మాటలే. అందుకని ఆ భోజనానికి గంటలు కేటాయించండి, కార్యక్రమాలతో నింపొద్దు. ఒక్కొక్కరు లేచి రెండు మాటలు చెప్పే వీలుంటే చాలు.

బట్టలు మీ ఇష్టం. నగరంలో నడవాలి, కారు ఎక్కి దిగాలి, మెట్లెక్కాలి కాబట్టి చెప్పులు మాత్రం ముందే రెండు మూడుసార్లు తొడుక్కుని నడిచి చూసుకోండి. గుర్తింపు పత్రాలు, ఉంగరాలు, సాక్షుల ఫోన్ నంబర్లు ఒకే సంచిలో పెట్టి, పెళ్లి జంట కాని ఒక నమ్మకమైన మనిషికి ఇవ్వండి. ఆ మనిషికి ఆ రోజు ఇంకో పని పెట్టొద్దు.

7. టికెట్లు

వెళ్లడం రావడం మొత్తం ఒకే బుకింగ్‌లో ఉండేలా చూడండి. రెండు విమానాలు విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో సంస్థకు మీ పట్ల ఏ బాధ్యతా ఉండదు. ఒక ఊళ్లో దిగి ఇంకో ఊరి నుంచి తిరిగొచ్చే టికెట్ కొన్నిసార్లు మామూలు రానుపోను టికెట్ ధరకే వస్తుంది, వెనక్కి ప్రయాణించే రోజు కూడా మిగులుతుంది. మధ్యలో దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలా అన్నది మీ పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. డబ్బు కట్టకముందే చూసుకోండి.

దిగే గంట కూడా ముఖ్యమే. మాల్దీవుల్లో దూరపు దీవులకు ఎక్కువగా సీప్లేన్‌లో, అంటే నీటి మీద దిగే చిన్న విమానంలో వెళ్లాలి, అవి పగటి వెలుతురులోనే ఎగురుతాయి. సాయంత్రం రాజధాని మాలే చేరితే ఆ రాత్రి అక్కడే గడపాలి, రిసార్టులో ఆ రాత్రికి కట్టిన డబ్బు వృథా. మధ్యాహ్నంలోపు దిగే విమానం చూడండి.

8. వీసా అప్లికేషన్‌లో నిజాయితీ

పెళ్లికి ముందే అప్లికేషన్ పెడుతుంటే వైవాహిక స్థితి దగ్గర ఆ రోజు ఏదైతే అదే రాయాలి. ‘ఇంకో నెలలో పెళ్లే కదా’ అని పెళ్లైనట్టు రాయకూడదు. పెళ్లి ఫలానా తేదీన, ప్రయాణం ఫలానా తేదీన, ఇద్దరం కలిసి వెళ్తున్నాం అని ఒక పేజీ లేఖ జతచేయండి. రిజిస్ట్రారు దగ్గర తీసుకున్న నోటీసు రసీదు దానికి బలమిస్తుంది. ఎవరి అప్లికేషన్ వారిదే, కాగితాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగాలి. హోటల్ బుకింగ్‌లో రెండు పేర్లూ ఉండాలి.

షెంగెన్ దేశాలు రెండు మూడు చూడాలనుకుంటే ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లికేషన్ పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఉండాలి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. 2025 అక్టోబరు 12 నుంచి అక్కడి సరిహద్దుల్లో వేలిముద్రలు, ముఖం ఫొటో తీసి ప్రవేశాన్ని డిజిటల్‌గా నమోదు చేసే పద్ధతి మొదలైంది. కాబట్టి యూరప్‌లో దిగాక వేరే విమానం అందుకోవాలంటే మధ్యలో టైం ఎక్కువే ఉంచుకోండి.

9. బీమా, ఒంటి సంగతి

బీమా ప్రయాణానికి ముందు రోజు కాదు, మొదటి బుకింగ్ చేసిన వారంలోనే కొనండి. పెళ్లి వాయిదాపడి ప్రయాణం రద్దైతే డబ్బు వెనక్కి రావడానికి అదే దారి. ఏ కారణాలకు రద్దు వర్తిస్తుందో ఆ పేజీ ఒక్కటైనా పూర్తిగా చదవండి. స్కూబా డైవింగ్, ట్రెక్కింగ్, స్కూటర్ నడపడం ఇందులో ఉన్నాయా అన్నది చూడండి. దీవుల్లో అద్దె స్కూటర్ ఎక్కినవాళ్లకు సరైన లైసెన్స్ లేకపోతే ప్రమాదం జరిగినా చాలా బీమా సంస్థలు చెల్లించవు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లలోనూ రకాలున్నాయి. జపాన్ 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చిన దాన్నే ఒప్పుకుంటుంది, 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్ అక్కడ చెల్లదు.

త్వరలో పిల్లలు కావాలనుకుంటున్న జంట జికా వైరస్ గురించి తప్పక తెలుసుకోవాలి. దోమల ద్వారా, శారీరక కలయిక ద్వారా సోకే ఈ వైరస్ గర్భస్థ శిశువు మెదడుకు హాని చేస్తుంది. అది ఉన్న ప్రాంతం నుంచి తిరిగొచ్చాక గర్భం కోసం మగవాళ్ల వైపు నుంచి కనీసం మూడు నెలలు, ఆడవాళ్ల వైపు నుంచి కనీసం రెండు నెలలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఏ దేశం అన్నది ఖాయం చేసుకునే రోజే డాక్టరుతో మాట్లాడాల్సిన విషయమిది. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో కొన్ని దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది, 2016 నుంచి దానికి జీవితాంతం గుర్తింపు ఉంది.

డైవింగ్ చేసినవాళ్లు వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, చాలాసార్లు దిగితే కనీసం 18 గంటలు ఆగాలి. రక్తంలో కరిగిన నైట్రోజన్, విమానం పైకి వెళ్లినప్పుడు బుడగలు కట్టకుండా ఉండటానికి ఈ విరామం. అందుకే డైవింగ్ ప్రయాణం మొదట్లో పెట్టుకుని, చివరి రోజు ఒడ్డున గడపండి.

వాడే మందులు అసలు అట్టపెట్టెల్లోనే, డాక్టరు చీటీతో తీసుకెళ్లండి. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ పది శాతం మించి ఉన్న మందులను జపాన్ అనుమతించదు. యూఏఈలో కోడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులపై ఆంక్షలున్నాయి. ఈ-సిగరెట్లు థాయిలాండ్, సింగపూర్‌లలో నిషిద్ధం.

10. సామాను, డబ్బు

ఒకరి బట్టల్లో రెండు జతలు ఇంకొకరి పెట్టెలో పెట్టండి. ఒక పెట్టె తప్పిపోయినా ఇద్దరికీ కట్టుకోవడానికి బట్టలుంటాయి. పెళ్లి నగలు ఇంట్లోనే వదిలేయండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపుదైతే అనుమతి అక్కర్లేదు, మార్కెట్లో దొరికే 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు. సెంటు, క్రీముల్లాంటివి చాలా విమానాశ్రయాల్లో 100 మి.లీ. సీసాల్లోనే చేతి సంచిలో పెట్టుకోవాలి.

పెట్టె దెబ్బతింటే విమానాశ్రయం వదలకముందే కౌంటరులో ఫిర్యాదు రాయించండి. 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుపై ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా చేతికొచ్చినదానిపై ఆ రోజు నుంచి 21 రోజుల్లోపు.

వేరే వేరే బ్యాంకుల కార్డులు చెరొకటి ఉంచుకోండి. కార్డు మెషిన్ ‘మీ దేశపు కరెన్సీలో కట్టమంటారా’ అని అడిగితే వద్దనండి, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మీ కరెన్సీ ఎంచుకుంటే మార్పిడి ధర ఆ వ్యాపారి తరఫు బ్యాంకు పెడుతుంది, అది దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే. రోజుకు ఖర్చు ఎంత అన్న సంఖ్య ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. కొత్తగా కలిసిన ఇద్దరికి మొట్టమొదట గొడవ వచ్చేది ఎక్కువగా అక్కడే.

11. అక్కడ చేరాక

తూర్పుకు ప్రయాణిస్తే నిద్ర సర్దుకోవడం కష్టం, పడమటికి కాస్త సులువు. గంట తేడాకు సుమారు ఒక రోజు పడుతుందని లెక్క. మొదటి రెండు రోజులకు ఏ టికెట్టూ ముందే కొనొద్దు. పగటి వెలుగులో నడవండి, పెందలాడే పడుకోండి.

ప్రతి రోజూ ఒక్క పనే ఖాయం చేసుకోండి, మిగతా టైం వదిలేయండి. ఒక రోజు ఒకరు, మర్నాడు ఇంకొకరు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే పద్ధతి పెట్టుకుంటే బేరాలు తగ్గుతాయి. రోజులో రెండు గంటలు ఎవరి దారిన వాళ్లు తిరిగినా తప్పులేదు. ఒకరు నిద్రపోతుంటే ఇంకొకరు బజారు చూసి రావచ్చు. పెళ్లైన మొదటి వారమే కదా అని అన్ని గంటలూ అతుక్కుని ఉండాలన్న ఒత్తిడి చాలామందిని అలసటకు గురిచేస్తుంది.

హోటల్ వాళ్లకు మీ పెళ్లి కొత్తదని ముందే ఈమెయిల్‌లో రాయండి. కొన్ని రిసార్టులు కొత్త జంటలకు ప్రత్యేక ధరలిస్తాయి, పెళ్లై ఆరు నెలలో ఏడాదో దాటకూడదని షరతు పెట్టి సర్టిఫికెట్ చూపించమంటాయి. ఫోన్‌లో ఒక స్కాన్ ఉంచుకుంటే చాలు.

12. తిరిగొచ్చాక మొదటి రెండు వారాలు

బీమా క్లెయిమ్ ఏదైనా ఉంటే ముందు అదే. ఆస్పత్రి బిల్లులు, పోలీసు ఫిర్యాదు నకలు, బోర్డింగ్ పాసులు పారేయకుండా దాచి ఉంచండి. పేరు మార్చుకోవాలనుకున్నవాళ్లు ఇప్పుడు మొదలుపెట్టాలి. మొదట మీ దేశంలో ప్రధాన గుర్తింపు పత్రం, తర్వాత పాస్‌పోర్ట్, ఆ తర్వాత బ్యాంకు, ఉద్యోగం, బీమా. పాత పాస్‌పోర్టులో గడువున్న వీసాలుంటే దాన్ని పారేయకండి. కొత్తదానితోపాటు చూపిస్తే చెల్లుతాయా, లేక మళ్లీ తీసుకోవాలా అన్నది ఆ వీసా ఇచ్చిన దేశాన్ని అడగండి. ఇద్దరి ఖాతాల్లో, బీమాల్లో నామినీ పేర్లు మార్చండి. ఐదు నిమిషాల పనే, కానీ ఏళ్ల తరబడి వాయిదాపడుతుంది. పెళ్లికి వచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్తూ రాసే ఉత్తరంలో ఒక ఫొటో పెట్టండి. పిలవలేకపోయినవాళ్లను ఇప్పుడు ఇంటికి భోజనానికి పిలవండి, ఐదారుగురి చొప్పున, తీరిగ్గా.